తవ్వబడిన బావి

అది 2021. కరోనా రెండో విడత తగ్గి, షాపులు మళ్లీ పూర్తిగా తెరుచుకున్న రోజులు. కరీంనగర్‌లో బస్టాండుకు దగ్గరలోనే మా సైన్ బోర్డుల షాపు. మా బాపు, అంటే మా నాన్న, కుంచె పట్టుకుని గోడల మీద, రేకుల మీద అక్షరాలు రాసిన మనిషి. ఆయన తర్వాత షాపు నా చేతికి వచ్చింది. కుంచెలు పోయి మిషన్లు వచ్చాయి. అయినా లోపలికి వచ్చేవాళ్లు ఇప్పటికీ నన్ను చూసి "ఓనర్ లేడా అమ్మా?" అని అడుగుతారు. ఓనర్‌ను నేనేనని చెప్పి చెప్పి నాకు కోపం నాలుక చివరనే కూర్చుని ఉంటుంది. ఈ సంగతి చెప్పేటప్పుడు కూడా అది బయటపడుతుంది, చదివేవాళ్లు ఏమీ అనుకోవద్దు.

రోడ్డు పక్క బోర్డు చేయడం చూసినంత తేలిక కాదు. ఎంత దూరం నుంచి చదవాలో దాన్నిబట్టి అక్షరం ఎత్తు ఉండాలి. చీకట్లో బండి లైటు పడితే మెరిసే రెట్రో రిఫ్లెక్టివ్ షీట్ అని ఒకటుంటుంది, దాన్ని అల్యూమినియం పలక మీద అతికిస్తాం. అక్షరాలను ప్లాటర్ అనే మిషన్ కత్తిరిస్తుంది. ఊళ్ల పేర్లకు ఆకుపచ్చ బోర్డు. గుళ్లు, కోటలు, చూడదగ్గ పాత కట్టడాలకు గోధుమరంగు బోర్డు. వీటన్నింటికంటే ముందు ప్రూఫ్ ఉంటుంది. అంటే బోర్డు మీద రాబోయే మాటలను కాగితం మీద అచ్చువేసి, ఆర్డరు ఇచ్చినవాళ్లకు చూపించి, సంతకం తీసుకోవడం. సంతకం అయ్యాక తప్పు ఉంటే అది వాళ్లది. మాటలు ఎవరివి, నిజమా అబద్ధమా అన్నది మేం పట్టించుకోం. మా పని అంతవరకే అని నేనూ అనుకునేదాన్ని.

ఆ ఏడు ఒక ఆఫీసు నుంచి గోధుమరంగు బోర్డుల ఆర్డరు వచ్చింది. ఏ ఆఫీసో రాయను. ఊరి పేరూ రాయను, ఆ ఊళ్లో బతకాల్సినవాళ్లు ఉన్నారు. కొండగట్టుకు పోయే దారిలో ఒక మలుపు దగ్గర పాత దిగుడు బావి ఉందని, దానికి ఒక బోర్డు కావాలని అన్నారు. ఆ ఊరి పాత దొర మనవడు హైదరాబాద్‌లో వ్యాపారం చేస్తాడు. బావిలో పూడిక తీయించింది ఆయనే, మెట్లకు సున్నం వేయించింది ఆయనే, బోర్డు మీద మాటలు రాసి పంపిందీ ఆయనే. "ప్రజల దాహార్తిని తీర్చుటకై దొరవారు తవ్వించిన చారిత్రక దిగుడు బావి." కింద "సౌజన్యం" అని ఆయన కుటుంబం పేరు.

బోర్డు పాతే చోటు చూడటానికి ప్రతిసారీ నేనే పోతాను. చెట్టుకొమ్మ అడ్డం వస్తుందా, మలుపు తిరిగే డ్రైవరుకు ఎక్కడి నుంచి కనపడుతుంది, ఇవన్నీ కాగితం మీద తెలియవు. స్కూటీ ఆపి టేపుతో కొలుస్తుంటే, ఎదురుగా ఉన్న చాయ్ హోటల్ అరుగు మీద మిరపకాయల తొడిమెలు తీస్తున్న ఒక ముసలమ్మ పలకరించింది. ఎనభై ఏళ్లు ఉంటాయి. పేరు మల్లవ్వ అని తర్వాత తెలిసింది.

"ఏంది బిడ్డా, టేపు పట్టి కొలుస్తున్నవ్? రోడ్డు మల్ల పెద్దగ జేస్తరా?"

"లేదవ్వా. బాయి కాడ బోర్డు పెడుతున్నం."

"బోర్డు మీద ఏం రాస్తరు?"

బ్యాగులోంచి ప్రూఫ్ తీసి చదివాను. ఆమె చేతులు ఆగలేదు. "దాహార్తి అంటే ఏంది?" అని అడిగింది.

"దూప, అవ్వా."

"ఎవలి దూప?"

"ప్రజలదట."

ఆమె నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు, ఎందుకంటే అది నన్ను చూసి నవ్విన నవ్వు. "దొర మామిడితోటకు తవ్విపిచ్చిన బాయి గది. గా నీళ్లు మమ్ముల ముట్టనిచ్చిండ్రా, మా దూప తీరనీకి? సరే తియ్. తవ్విపిచ్చిండని రాసినవ్. తవ్విందెవలో రాసినవా?"

లేదన్నాను.

"మా బాపు తవ్విండు. ఓదెలు ఆయన పేరు. ఇంటికొకలను వెట్టికి రమ్మన్నరు. నేను మా అవ్వ కడుపుల ఉన్న. నీళ్లు ఊరి అంచు మెత్తవడ్డదట. జర ఆగుదమంటే పని చేపిచ్చే దొర సుంకరోడు ఇనలే. గడ్డ విరిగి మీద పడ్డది. నలుగురు పోయిండ్రు బిడ్డా. మా బాపు, పెద్ద లింగయ్య, రాజం, పోశెట్టి. తెల్లారి మల్ల వేరేటోళ్లను దింపిండ్రు అండ్లనే."

వెట్టి అంటే కూలి లేని పని, కాదనడానికి వీల్లేని పని. మా వైపు ముసలివాళ్లకు ఆ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. మల్లవ్వ ఆ నాలుగు పేర్లు చెప్పేటప్పుడు మాత్రం తొడిమెలు తీయడం ఆపింది.

చాయ్ హోటల్ నడిపే స్వరూప గ్లాసు నా చేతికిస్తూ అందుకుంది. "ఊర్లె దాన్ని దొర బాయి అని ఎవ్వలనరు అక్కా. నలుగురి బాయి అంటరు. బస్సుల కండక్టర్ గూడ గట్లనే పిలుస్తడు, నలుగురి బాయి కాడ దిగేటోళ్లు దిగుండ్రి అని."

"నాకు వేరే ఏం వద్దు బిడ్డా," అంది మల్లవ్వ. "దొర పేరు రోడ్డు మీద ఉండంగ మా బాపు పేరు ఉండొద్దా? నేను బాపును సూడలే. ఫోటువ లేదు, బొంద లేదు. ఉన్నదల్ల గా పేరే. నేను పోతే అది గూడ పోతది. నేనుండంగనే జర రాయి."

మరునాడే ప్రూఫ్ పట్టుకుని ఆఫీసుకు వెళ్లాను. అక్కడి అధికారి మర్యాదస్తుడే. కుర్చీ వేయించాడు. సంగతి మొత్తం చెప్పాను.

"తవ్వించిన అనే మాటలో తప్పేముందమ్మా? వ్యాకరణం కరెక్టే కదా."

"వ్యాకరణం కరెక్టే సార్. తవ్విన నలుగురు అండ్లనే సచ్చిపోయిండ్రు. వాళ్ల పేర్లు పెడదాం."

"రికార్డు ఉందా?"

"దొర తవ్విపిచ్చిండని ఏం రికార్డు ఉంది సార్?"

"అది ఫ్యామిలీవాళ్లు చెప్పారు."

"గిది గూడ ఫ్యామిలీ వాళ్లే చెప్పిండ్రు. ఓదెలు ఫ్యామిలీ."

ఆయనకు నవ్వొచ్చింది. నాకు రాలేదు. నవ్వుతూనే దొర మనవడికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. ఆ మనవడు కూడా మెత్తగానే మాట్లాడాడు. కోపంగా మాట్లాడి ఉంటే నాకు తేలికగా ఉండేది.

"ఏ పాత కట్టడం మీదైనా కూలీల పేర్లు చూశారా మేడం? చార్మినార్ మీద ఉన్నాయా?"

"లేవు. ఉండాల్సింది."

"మా తాతను ఇప్పుడు విలన్‌ను చేయాలనా?"

"మీ తాత గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు. నాలుగు పేర్లు పెట్టమంటున్నరు, అంతే."

"పేర్లు పెడితే ఎలా చనిపోయారని అడుగుతారు. అప్పుడు వెట్టి అనాలి. భక్తులు, టూరిస్టులు వచ్చే దారి మేడం, అక్కడ అలాంటి నెగెటివ్ మాట వద్దు."

ఆ మాట విని నా ఒళ్లు మండింది. నలుగురు మట్టి కింద పడి చావడం నెగెటివ్ కాదు, ఆ సంగతి రాయడం నెగెటివ్. నేను నోరు తెరిచేలోపే అధికారికి ఉపాయం తట్టింది. పెన్ను తీసి ప్రూఫ్ మీద "ప్రజల" నుంచి "తవ్వించిన" దాకా గీత కొట్టేసి, పైన రాశాడు. ఇప్పుడు అది "పూర్వకాలమున తవ్వబడిన చారిత్రక దిగుడు బావి" అయింది.

"చూడండమ్మా, ఇప్పుడు దొర పేరూ లేదు, ఇంకొకరి పేరూ లేదు. అందరికీ న్యాయం."

ఫోన్‌లో మనవడు ఓకే అన్నాడు. ఎందుకనడు, కింద సౌజన్యం అలాగే ఉందిగా!

మన ఇళ్లలో ఎవరైనా "అన్నం వండబడింది, రండి" అంటారా? "బిడ్డ ఎత్తుకొనబడింది" అంటారా? ఈ "బడు" అన్నది ఆఫీసుల్లోనే పుట్టి, ఆఫీసుల్లోనే బతుకుతుంది. చర్య తీసుకొనబడును, దరఖాస్తు తిరస్కరించబడినది, విచారణ జరుపబడుచున్నది. ఇన్నేళ్లలో ఇలాంటి బోర్డులు నేను ఎన్ని కత్తిరించి ఉంటానో! ఒక్కనాడూ దాని కింద మనిషి దాక్కోవచ్చనీ, మనిషిని దాచేయవచ్చనీ నాకు తట్టలేదు.

సంతకం అయిన ప్రూఫ్ అది. రూలు ప్రకారం నేను నేరుగా మిషన్ మీద పెట్టేయొచ్చు. మల్లవ్వకు చెప్పకుండా పెట్టడానికి మనసు రాలేదు. మళ్లీ వెళ్లి చదివి వినిపించాను.

"తవ్వ... బడిన," అని ఆమె మెల్లగా పలికి చూసుకుంది. "అంటే? బాయి పడ్డదా?"

"కాదవ్వా. ఆఫీసుల్ల గట్ల రాస్తరు. ఎవలో తవ్విండ్రు అని అర్థం."

"ఎవలో ఏంది? ఎవలో ఎందుకైతరు?" ఆమె గొంతు పెద్దదైంది. హోటల్లో చాయ్ తాగుతున్నవాళ్లు తిరిగి చూశారు. "పడ్డది బాయి గాదు బిడ్డా. పడ్డది మా బాపు!"

ప్రూఫ్ మడిచి బ్యాగులో పెట్టుకున్నాను. ఆఫీసుకు పోయి, ఈ బోర్డు మా షాపు నుంచి రాదని చెప్పాను. అధికారి మొహం అప్పుడు మారింది.

"మీరు బోర్డులు చేసేవాళ్లు. చరిత్ర మీకెందుకమ్మా?"

"చరిత్ర మీరు రాస్తే నేను కత్తిరిస్తున్న కదా సార్. అందుకే."

ఆ ఒక్క బోర్డే కాదు, ఆర్డరు మొత్తం ఇంకో షాపుకు పోయింది. ఆ షాపువాళ్ల మీద నాకు కోపం లేదని రాయాలని ఉంది, కానీ ఉంది. బోర్డు నిలబెట్టాక వెళ్లి చూశాను. ఎక్కడైనా బుడగ వచ్చిందేమో, అక్షరం వంకర పోయిందేమో, ఒక్క తప్పైనా దొరికితే బాగుండునని వెతికాను. ఏమీ దొరకలేదు. నున్నగా, తీరుగా, ఎంతో దూరం నుంచి చదవగలిగేలా "తవ్వబడిన" అని ఉంది.

ఆ నాలుగు పేర్లు మేమే ఒక రాయి మీద చెక్కించి పెడదామనుకున్నాను. మాది గ్రానైట్ జిల్లా. పాలిషింగ్ యూనిట్ల బయట అంచు విరిగిన పలకలు పడి ఉంటాయి. తెలిసినవాళ్లను అడిగితే నడుమెత్తు పలక ఒకటి ఇచ్చారు. అక్షరాల అచ్చు నేను ప్లాటర్ మీద కత్తిరించి అతికించాను. శాండ్ బ్లాస్టింగ్ అంటే ఇసుకను గాలితో జోరుగా కొట్టి రాయిలో అక్షరం దింపడం, అది ఆ యూనిట్‌లోనే చేయించాం. మాటలు మల్లవ్వ చెప్పినవే. "ఈ బావి తవ్వినవారు" అని పైన. కింద ఓదెలు, పెద్ద లింగయ్య, రాజం, పోశెట్టి. వాటి కింద, "వెట్టికి వచ్చి ఈ బావిలోనే చనిపోయారు." సౌజన్యం ఎవరిదని రాయించలేదు.

ఊరివాళ్లే గుంత తవ్వి, బోర్డు పక్కన రాయి నిలబెట్టారు. మల్లవ్వ బావిలోంచి చెంబుతో నీళ్లు తెప్పించి, రాయి ముందు సాక పోసింది. మా వైపు దేవతలకూ, పోయినవాళ్లకూ అలా నేల మీద ధార పోస్తారు. "ఇగ తాగు బాపు," అంది. తోటకు పారడానికే తప్ప తవ్వినవాళ్ల గొంతు తడపడానికి పనికిరాని నీళ్లు అవి. అక్కడున్న ఆడవాళ్లందరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను, కానీ నాకు ఏడుపు వచ్చినా అందులో సగం కోపమే ఉంటుంది.

కొన్నాళ్లకు స్వరూప ఫోన్ చేసింది. "అక్కా, రాయి లేదు! జీపొచ్చింది, ట్రాక్టరొచ్చింది. పీకి ఏసుకపోయిండ్రు. మల్లవ్వ అడ్డం వోతే పక్కకు జరుగు ముసల్దానా అన్నరు."

షాపు షట్టరు కూడా సరిగా దించకుండా ఆఫీసుకు పోయాను. వెనక ఆవరణలో తారు డ్రమ్ముల పక్కన రాయి బోర్లా పడి ఉంది. పేర్లు మట్టిలోకి ఉన్నాయి. లోపలికి వెళ్లాను. ఈసారి ఆయన కుర్చీ వేయించలేదు.

"అది రైట్ ఆఫ్ వే అమ్మా," అన్నాడు. రైట్ ఆఫ్ వే అంటే తారు రోడ్డుకు రెండు వైపులా రోడ్డుకే చెందిన జాగా. "అందులో అనుమతి లేకుండా ఏదీ ఉండకూడదు. కాబట్టి తొలగించబడింది."

"ఎవరు తొలగించిండ్రు సార్?"

"తొలగించబడిందమ్మా."

"అదే అడుగుతున్న. ఎవరు?"

"రూల్ ప్రకారం తొలగించబడింది."

బల్ల మీద చేత్తో కొట్టాను. "దొర పని చెప్తే తవ్విపిచ్చిండని పేరు పెడతరు. మా మనుషులు తవ్వితే తవ్వబడింది. మీరు పీకితే తొలగించబడింది. ఈ ఆఫీసుల చేతులున్నోళ్లు ఒక్కరు గూడ లేరా సార్? పీకింది దయ్యాలా?"

పక్క గదుల్లోంచి మనుషులు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఎవరో "మేడం, జర నెమ్మది" అన్నారు. నేను నెమ్మదించలేదు. గొంతు పోయేదాకా అరిచాను. అరిచినందుకు నాకు ఇప్పటికీ చింత లేదు. చివరికి ఆయన, రాయిని తీసుకుపొమ్మనీ, మళ్లీ రోడ్డు హద్దులో కనిపిస్తే కేసు పెట్టాల్సి వస్తుందనీ అన్నాడు.

"ఎవరు పెడతరు సార్ కేసు? పెట్టబడతదా?" అని అడిగి బయటికి వచ్చాను.

ట్రాలీ ఆటోలో రాయి వేసుకుని ఊరికి పోయేసరికి మల్లవ్వ హోటల్ అరుగు మీదనే ఉంది. జీపు వచ్చిన రోజు నుంచి సరిగా తినడం లేదని స్వరూప చెప్పింది. ఆటో దగ్గరికి వచ్చి, రాయి మీది మట్టిని కొంగుతో తుడిచింది. ఆమెకు చదువు రాదు. పేర్ల వరసలో మొదటిది బాపుదని మాత్రం తెలుసు. "దెబ్బ తాకిందా?" అని అడిగింది. ఒక అంచు చెక్కు లేచింది. పేరుకేమీ కాలేదని చెప్పాను.

"మల్ల పెట్టు."

"రోడ్డు జాగల పెడితే మల్ల వస్తరు అవ్వా. షాపుల పెట్టుకుంట, మా దగ్గర భద్రంగ ఉంటది."

"షాపుల సచ్చిండా మా బాపు?"

అప్పుడు స్వరూప పొయ్యి దగ్గర నుంచి వచ్చింది. చేతులు తుడుచుకుంటూ, హోటల్ ముందు బెంచీలు వేసే చోటు చూపించింది. "ఈడ పెట్టుండ్రి. గిది మా పట్టా జాగ, రోడ్డుది గాదు. ఎవడొచ్చి ముడుతడో నేను గూడ సూస్త."

నేను టేపు తీసి రోడ్డు హద్దురాయి నుంచి కొలిచాను. స్వరూప జాగా హద్దుకు అవతలే ఉంది. గుంత తవ్వి రాయి పాతి, సిమెంటు వేశాం. ఎదురుగా రోడ్డు అవతల గోధుమరంగు బోర్డు కనపడుతూనే ఉంది. బస్సు దిగినవాళ్లు రెండూ చదవొచ్చు.

ఆ బోర్డు ఇప్పటికీ అక్కడే ఉంది. ఆ షీటు ఎన్నేళ్లు మెరుస్తుందో నా వృత్తి వల్ల నాకు బాగా తెలుసు, అందుకే కోపం ఇంకా ఎక్కువ. ఆ బోర్డు నాకు నేర్పిన పాఠాన్ని మాత్రం నేను వదల్లేదు. ఇప్పుడు ఏ మాటలు వచ్చినా ప్రూఫ్‌లో నేను మొదట చూసేది అక్షరదోషాలు కాదు. పని ఏది, చేసింది ఎవరు అని చూస్తాను. చేసిన మనిషి కనపడకపోతే పక్కన "ఎవరు?" అని ఎర్ర పెన్నుతో రాసి వెనక్కి పంపుతాను. "బోర్డులు చేసేదానికి ఇన్ని ప్రశ్నలా" అని విసుక్కుని వేరే షాపుకు పోయినవాళ్లు ఉన్నారు. పోనీ.

కిందటేడు ఆంజనేయస్వామి దీక్షల రోజుల్లో ఆ దారిన పోతూ చాయ్ కోసం ఆగాను. కొండగట్టుకు నడిచిపోతున్న స్వాములు కొందరు బెంచీల మీద కాళ్లు చాపుకుని కూర్చున్నారు. వాళ్లలో ఒకాయన రాయి వైపు తిరిగి, పక్కవాళ్లకు వినపడేలా పైకి చదివాడు. "ఈ బావి తవ్వినవారు. ఓదెలు. పెద్ద లింగయ్య..." చివరిదాకా చదివి, "అయ్యో," అని ఆగాడు.

గోడకు ఆనుకుని కూర్చున్న మల్లవ్వ కళ్లు తెరిచింది. చూపు బాగా తగ్గింది, చదివింది ఎవరో ఆమెకు కనపడలేదు. గొంతు వచ్చిన వైపు మొహం తిప్పింది.

"ఇంకోపాలి సదువు బిడ్డా," అంది. "జర గట్టిగ సదువు."